నేను కొట్టేసిన వాక్యం

ఖలీలన్న పోయి నలభై రోజులు దాటాక ఆయన భార్య షంషాద్ వదిన ఫోన్ చేసింది. "అంగడి ఖాళీ చేస్తాండాం రత్నా. ఆ డబ్బాల్లో ఏమేముండాయో మాకు తెల్దు. నువ్వొచ్చి చూసి, ఇది పారేయండి, ఇది పెట్టుకోండి అని చెప్తే చాలు" అంది. నేను సరేనని ప్రొద్దుటూరు బస్సెక్కాను. కడప నుంచి పెద్ద దూరమేమీ కాదు. అయినా ఆయన పోయిన రోజున వెళ్ళలేదు. ఆ కబురు తెలిసినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. మంట తగ్గించి, పాలు దించి, గిన్నె మీద మూత పెట్టి, ఆ పూట పంపాల్సిన వ్యాసం కూర్చుని పూర్తి చేశాను. ఫోన్ పోతే అందులోని వివరాలను దూరం నుంచే ఎలా తుడిచేయాలన్నది ఆ వ్యాసం. ఒక్క తప్పు లేకుండా రాశాను. ఏడుపు వస్తుందేమోనని రెండు మూడు రోజులు చూశాను. రాలేదు.

నా పని గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఏ పని ఎలా చేసుకోవాలో తెలుగులో రాస్తాను. ఎక్కడ నొక్కాలి, నొక్కితే ఏం కనిపిస్తుంది, కనిపించకపోతే ఏం చేయాలి, ఇంతే. పత్రికల్లో శీర్షికలు నడిపాను, పుస్తకాలు వేశాను. పరిచయం చేసేటప్పుడు టెక్నాలజీ జర్నలిస్టు అంటారు. మా అమ్మ మాత్రం చివరిదాకా "మా రత్న కంప్యూటర్లకు వంటల పుస్తకాలు రాస్తాది" అని చెప్పేది. ఆ మాట అన్నిటికంటే సరిగ్గా ఉంటుంది.

మా ఇల్లు జమ్మలమడుగులో ఉండేది. నాన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. ముందు దొడ్లోకి పోయి నీళ్ళు పోసుకున్నాకే మాట్లాడేవాడు. ఇంట్లో కింద పరిచినవి కూడా ఆయన తెచ్చిన పగిలిన నల్ల బండలే. ఒకదానికొకటి అతకక, మధ్యన సందుల్లో ఎప్పుడూ సంగటి మెతుకులో చెనక్కాయ పొట్టో ఇరుక్కుని ఉండేది. అమ్మ మిషన్ కుట్టేది. వంటంతా మా అవ్వది. అవ్వకు ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా ఎలా చేయాలని అడిగితే మొదటి నుంచీ చెప్పేది. ఒకసారి పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఊరుబిండి పచ్చడి ఎట్ల నూరాలని అడిగింది. అవ్వ "ముందు చేతులు కడుక్కో మ్మే" అని మొదలుపెట్టింది. తర్వాత రోలు కడగడం, తుడవడం, చెనక్కాయలు ఏ మంట మీద వేయించాలో, పొట్టు ఎప్పుడు తీయాలో అన్నీ. నాన్న నవ్వి "ఆ మాత్రం తెల్దా మా ఆ పిల్లకు?" అన్నాడు. "తెలిసినోళ్ళు అడగరు గదరా" అంది అవ్వ. వేయించిన చెనక్కాయల వాసన, ఎండుమిరపకాయల ఘాటు, దొడ్లో తడిసిన బండదుమ్ము వాసన, మూడూ కలిసి ఆ ఇంటి సాయంత్రాలు. ఇప్పుడా ఇల్లు లేదు. ఆ స్థలంలో ఎవరిదో రెండంతస్తుల మేడ ఉంది. దాని ముందు నుంచి చాలాసార్లు ఆటోలో వెళ్ళాను, ఒక్కసారీ ఆపమనలేదు.

డిగ్రీ అయిపోయాక పనికోసం వెతుకుతుంటే, అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ ఒకామె ఖలీలన్న పేరు చెప్పింది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి వెనక సందులో ఆయనకు డీటీపీ సెంటరుండేది. రోజూ పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. చెప్పులు బయట విప్పాలి. తలుపుకు మందమైన నీలం కర్టెన్. లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ నిండా పెండ్లి పత్రికల నమూనాలు. వినాయకుడి బొమ్మవి ఒక వరస, నెలవంకవి ఒక వరస. స్క్రీన్ ప్రింటింగ్ రంగుల ఘాటు ముక్కుకు పట్టేది. శుక్రవారాలు ఖలీలన్న ఊదు వేసేవాడు. ఆ రోజు రెండు వాసనలూ కలిసి తల తిరిగేది.

ఆయన చిన్నప్పుడు వాళ్ళ మామ ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడట. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి కాబట్టి తిరగేసి చదవడం అలవాటైంది. బల్ల అవతల కూర్చున్న మనిషి తెచ్చిన కాగితాన్ని ఇవతల నుంచే గబగబా చదివేసి "మీ తాత పేర్లో దీర్ఘం పొయ్యింది సామీ" అనేవాడు. నాకు తెలుగు టైపు నేర్పింది ఆయనే. కీబోర్డు మీద చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి అంటించాడు. నెల తిరిగేసరికి చెమటకు అవన్నీ చెరిగిపోయాయి. మళ్ళీ అంటించమంటే "ఇంక అక్కర్లేదు, నీ వేళ్ళకు తెల్సిపోయింది" అన్నాడు. నిజమే, తెలిసిపోయింది.

రాయడం కూడా అక్కడే మొదలైంది. కువైట్లో భర్తలున్న ఆడవాళ్ళు ఈమెయిల్ చూపించుకోడానికి వచ్చేవాళ్ళు. ప్రతిసారీ ఒకరిని అడగడం వాళ్ళకు ఇబ్బందిగా ఉండేది. భార్యాభర్తల మాటలు ఇంకొకరు తెరిచి పెట్టాలి కదా. చెడిపోయిన పెండ్లి పత్రికల వెనక వైపు ఒకటి, రెండు, మూడు అని వరసగా రాసి ఇచ్చేదాన్ని. అవ్వ ఊరుబిండి చెప్పినట్టు: "ముందు తెర మీద బాణం గుర్తు ఎక్కడుందో వెతకండి." ఆ కాగితాలు చేతులు మారి నలిగిపోయేవి, మళ్ళీ రాసిమ్మనేవాళ్ళు. ఒకరోజు ఖలీలన్న నా కాగితాలన్నీ ముందేసుకుని, "ఇట్ల రాసేటోళ్ళు మన తెలుగులో ఎవరుండారు రత్నా? హైదరాబాదు పుస్తకానికి పంపు" అన్నాడు. హైదరాబాదు నుంచి అప్పుడొక కంప్యూటర్ మాసపత్రిక వచ్చేది. పంపాను. రెండు నెలలకు అచ్చయింది. కింద పేరు మాత్రం 'జి. నాగరత్నం, ప్రొద్దుటూరు' అని వేశారు. నా పేరు నాగరత్న. చివర సున్న చేర్చి మగవాణ్ణి చేశారు. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఈలోపు 'నాగరత్నం గారికి' అని పాఠకుల ఉత్తరాలు రావడం మొదలైంది. ఆ గౌరవం బాగుందనిపించి ఊరుకున్నాను. నెలనెలా శీర్షిక నాదైంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. మధ్యాహ్నం ఖలీలన్న అన్నానికి వెళ్ళినప్పుడు అంగట్లో మిషన్ మీద ప్రతి మెట్టూ స్వయంగా చేసి చూసుకుని రాసేదాన్ని. చేయకుండా ఒక్క ముక్క కూడా రాసేదాన్ని కాదు. దాని గురించి గర్వంగా కూడా ఉండేది.

ఒక నెల, కంప్యూటర్ బాగా నెమ్మదైపోతే అంతా తుడిచేసి కొత్తగా ఎలా ఎక్కించుకోవాలన్నది రాశాను. పత్రిక నుంచి ఫోనొచ్చింది. పేజీ దాటుతోంది, నాలుగు వాక్యాలు తగ్గించండి అన్నారు. అంగట్లో జనం ఉన్నారు. రిసీవర్ చెవికి పెట్టుకునే చూసి, మొదట్లోవి రెండు, చివర్లోది ఒకటి తీసేయమన్నాను. ఇంకొకటి కావాలి. 'ఈ పని మొదలుపెట్టే ముందు మీకు కావలసినవన్నీ వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి' అన్నది మూడో వాక్యం. ఆ మాత్రం ఎవరికి తెలియదు అనుకున్నాను. అదీ కొట్టేయమన్నాను.

ఆ సంచిక వచ్చిన కొన్ని వారాలకు ఒకాయన సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని మా అంగడికి వచ్చాడు. నలభైలోపే ఉంటాడు. చెప్పులు విప్పి, డబ్బాను కింద పెట్టకుండానే "ఈడ నాగరత్నం సార్ ఎవరన్నా ఉండాడా?" అని అడిగాడు. అప్పటికే రెండు సెంటర్లలో అడిగి వచ్చాడట. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీయలేదు. "ఏం పనప్పా?" అన్నాడు ఖలీలన్న.

"మాది లింగాల. చీనీతోట ఉండాది. ఆ సార్ రాసినట్లే చేసినా. వేలు పెట్టి చదువుకుంటా చేసినా, ఒక్క మెట్టు గూడ తప్పలా. అయిపోయినాక చూస్తే మా ఆమె మాటలు లేవు."

"ఏం మాటలు?"

ఆయన చెప్పాడు. పేరు శివన్న. భార్య సుజాత బళ్ళో టీచరు, కంప్యూటర్ ఆమె కొనుక్కున్నది. జబ్బు చేసి ఇక మిగలనని తెలిశాక, ఆమె చిన్న మైకు పెట్టుకుని కూతురికోసం పాటలు, కథలు చెప్పి అందులో దాచింది. కూతురికి అప్పుడు మూడేళ్ళు. ఆమె పోయాక శివన్న పులివెందుల బస్టాండులో మా పత్రిక కొనుక్కుని, అందులో చూసి కంప్యూటర్ వేయడం, ఆపడం నేర్చుకున్నాడు. రోజూ అన్నం పెట్టేటప్పుడు పాపకు ఒకటి వినిపించేవాడు. మిషన్ నెమ్మదిగా అవుతుంటే, మాట మధ్యలో ఆగిపోతుంటే, బాగు చేద్దామని నేను రాసింది చూసి చేశాడు.

"ఆ సార్ను చూస్తే ఏమన్నా దోవ చెప్తాడేమోనని వచ్చినా" అన్నాడు.

ఖలీలన్న నా వైపు చూశాడు. నేను "సార్ ఊళ్ళో లేరు" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. ఖలీలన్న డబ్బా అందుకుని బల్ల మీద పెట్టి, "ఇంటికాడ మళ్ళీ దీన్ని వేసినావా? వాడేకొద్దీ పాతవి చెరిగిపోతాయి" అని మాత్రం అడిగాడు.

తర్వాత నాలుగు రోజులు ఆయన వేరే పని ముట్టుకోలేదు. తెలిసినవాళ్ళ దగ్గర పోయిన ఫైళ్ళు వెతికే సీడీ ఉందంటే కడపకు పోయి తెచ్చాడు. పెండ్లి పత్రికల వాళ్ళను పక్క సెంటరుకు పంపేశాడు. శివన్న రోజూ లింగాల నుంచి పులివెందులకు, పులివెందుల నుంచి మాకు రెండు బస్సులు మారి వచ్చి, బయట బెంచీ మీద తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నేను రెండో మిషన్ మీద టైపు చేస్తూ ఉండేదాన్ని. మధ్యలో టీ తెప్పించినప్పుడు ఆయనకు గ్లాసు అందించింది నేనే. "చల్లగుండు తల్లీ" అన్నాడు.

నాలుగో రోజు తెర మీద పేర్లు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు పేర్లు, మొత్తం పదకొండు. ఖలీలన్న ఒక్కొక్కటే నొక్కాడు. తొమ్మిది తెరుచుకోలేదు. పేరుంది, లోపల ఏమీ లేదు. రెండు పలికాయి. మొదటిది జోలపాట. మధ్యలో దగ్గు వచ్చి, "ఆగు మ్మే" అని తనతో తానే అనుకుని, నీళ్ళు తాగిన చప్పుడు, మళ్ళీ పాట. రెండోది చందమామ మీద కథ, మొదలై అర నిమిషానికే తెగిపోయింది. శివన్న నిలబడే విన్నాడు. "ఇంగోసారి వెయ్యప్పా" అన్నాడు. వేశాడు. ఆ రెండూ సీడీ మీదికి ఎక్కించి ఇచ్చాక ఖలీలన్నే డబ్బాను దుప్పట్లో చుట్టి, బస్టాండు దాకా మోసుకుపోయాడు. తిరిగొచ్చి సాసరులో టీ పోసుకుని, "చెప్పాల్సింది గద రత్నా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ వాక్యాన్ని పత్రికకు మళ్ళీ పంపాను. తర్వాతి సంచికలో ఒక మూల చిన్న అక్షరాల్లో వేశారు. ఆనాటి నుంచి నేను రాసిన ప్రతి పుస్తకంలో మొదటి వాక్యం అదే. బొమ్మలు గీసుకునే సాఫ్ట్‌వేర్ మీద రాసినా, పాటలు వినడం మీద రాసినా అదే మొదటి వాక్యం. ఒక సంపాదకుడు దీన్ని మీ సంతకంలా వాడుతున్నారని మెచ్చుకున్నాడు. థాంక్స్ అన్నాను. నాకు ఆ నాలుగు రోజులు గుర్తున్నాయి కానీ, వాటిని తలుచుకుంటే ఏమీ కదలదు. చెయ్యి కింద పెట్టుకుని నిద్రపోతే లేచాక అది మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా. రక్తం తిరిగి వస్తుందని ఎదురుచూస్తూ ఇన్నేళ్ళు పని చేసుకుంటూ పోయాను.

ఈసారి అంగట్లో వదినా నేనూ కలిసి డబ్బాలన్నీ విప్పాం. పాత పత్రికలు, పనికిరాని సీడీలు, గట్టిపడిన రంగు డబ్బాలు. నీలం కర్టెన్ స్థానంలో గాజు తలుపు వచ్చి చాలా కాలమైంది. ఏది పారేయాలో, ఏది ఉంచాలో చెప్తూ పోయాను. పత్రికల కట్ట విప్పుతూ వదిన ఉన్నట్టుండి "ఆ లింగాలప్పను చూసొచ్చినావా ఎప్పుడన్నా?" అంది.

"ఏ లింగాలప్ప?" అన్నాను, తెలిసే.

"అదే, పెండ్లాం మాటలు పోగొట్టుకున్న ఆయప్ప. మీ అన్న ఆ పొద్దు బస్టాండులో చెప్పేసినాడంట గదా, రాసింది నువ్వేనని."

నేను చేతిలోని సీడీ కింద పెట్టాను. "ఏమన్నాడంట?"

"ఆ పాపను నువ్వు పంపొద్దు, తనకే రావాలనిపిస్తే వస్తాది, అన్నాడంట. మీ అన్న మాటిచ్చినాడు. నువ్వు పోలేదని ప్రతి ఏడూ నాతో అంటాండె."

ఖలీలన్న రంజానుకో, నేను ప్రొద్దుటూరు వెళ్ళినప్పుడో, "లింగాల దిక్కేమన్నా పోయినావా?" అని అడిగేవాడు. ఊరికే అడుగుతున్నాడనుకునేదాన్ని. "ఆ ఎండలో ఎవరు పోతారన్నా" అనేదాన్ని.

ఆ రాత్రి వదిన ఇంట్లోనే పడుకుని, తెల్లవారాక పులివెందుల బస్సెక్కాను. నా పక్కన కూర్చున్న ఆడమనిషి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, కరెంటు బిల్లు ఎట్ల కట్టాలని దాన్నే అడిగింది. అది తెలుగులోనే చెప్పింది, ఓపిగ్గా, ఒకటి తర్వాత ఒకటి. బాగానే చెప్పింది. ఇంక ఇలాంటి పుస్తకాలు ఎవరూ కొనరండీ అని మా ప్రచురణకర్త కిందటేడే చెప్పాడు. ఆరోజు నాకు బాధ వేయాలి కదా అనుకున్నాను. ఒకప్పుడు చెడిపోయిన పెండ్లి పత్రిక వెనక రాసిచ్చిన కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. మంచిదే. భార్యాభర్తల మధ్య ఇంకొకరు ఉండక్కర్లేదు. అది చెప్పే మాటల్లో ఎవరైనా ఏ వాక్యమైనా కొట్టేశారా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

లింగాలలో శివన్న ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. చీనీచెట్లు ఎండిపోతే కొట్టేసి అరటి పెట్టారట, వెనక కనిపిస్తోంది. నేను పేరు చెప్పాను. ఖలీలన్న పోయిన సంగతి చెప్పాను. "మంచి ఆయప్ప" అన్నాడు. తర్వాత చెప్పవలసింది చెప్పాను. ఆ వాక్యం ఉండాల్సింది, నేనే తీసేయించాను, ఆరోజు మీ ఎదురుగానే కూర్చుని, సార్ ఊళ్ళో లేరని అబద్ధం చెప్పాను.

"అప్పుడు చెప్పింటే తిట్టింటా మా. కొట్టింటానేమో గూడ. శానా దినాలు కాసుకోని ఉంటి, వస్తే ఏమేమనాలని. ఇప్పుడు తిట్టేకి ఓపిక లేదు" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

అంతలో కూతురు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చింది. హరిత. ఊళ్ళో సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అన్నం డబ్బా లేదు, ఇల్లు దగ్గరే కాబట్టి. శివన్న నన్ను చూపించి, "పొద్దుటూరు నుంచి వచ్చిందిమా. మీ అమ్మ మాటలు తీసిచ్చినారే, ఆ అంగట్లో ఉండె ఈమె" అన్నాడు. ఆ పిల్ల ముఖం వెలిగింది. రెండు చేతులూ జోడించింది. "మీరా మేడం! ఇప్పటికీ నా ఫోన్లో ఉండాయవి" అంది.

ఊరుకోవచ్చు. శివన్న నాకు ఆ దారి ఇచ్చాడు. కానీ అప్పటికే ఒకసారి ఊరుకుని ఉన్నాను. "తీసిచ్చింది ఖలీలన్న మా. పోగొట్టింది నేను" అని మొత్తం చెప్పాను. ఆ పిల్ల నిలబడే విన్నది. జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో నేను చూడలేదు.

"మొత్తం ఎన్ని ఉండె?" అని అడిగింది.

"పదకొండు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "రెండే చెప్పి పోయిందన్నావు గద నాయనా. అంతకుమించి చాతకాలేదన్నావు గద."

శివన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "లేనివి చెప్పి ఏం జేసేది మా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను, వెళ్ళిపోదామని. "కూచోండి" అంది హరిత. లోపలికి పోయి పెన్నూ కాగితమూ తెచ్చుకుని నా ఎదురుగా కింద కూర్చుంది. "పేర్లన్నా తెల్సునా మీకు? మెల్లగా చెప్పండి" అంది.

తెర మీద ఒక్కసారే చూశాను. అయినా చెప్పాను. ఏనుగు కథ. కాకి కథ. అన్నం పాట. పండ్లు తోముకునేటప్పుడు. బడికి పోయే రోజు. చీకటంటే భయమేస్తే. పెద్దపిల్లవైనాక. నాయన మీద కోపమొస్తే. అక్కడ ఆమె పెన్ను ఆగింది. కాసేపటికి ఆ పేరు కూడా రాసి, పై నుంచి కిందికి లెక్కపెట్టుకుంది.

"ఎనిమిదే వచ్చినాయి. ఇంగోటి ఉండాల గదా మేడం."

ఉండాలి. కళ్ళు మూసుకుని ఆ తెరనూ, ఖలీలన్న వేలినీ గుర్తు తెచ్చుకున్నాను. ఆ పిల్ల కాగితం మీద తొమ్మిది అని అంకె వేసి, దాని పక్కన పెన్ను ఆనించి పెట్టుకుని ఎదురుచూసింది. అన్నం చల్లారుతోందని శివన్న రెండుసార్లు పిలిచాడు. ఆమె లేవలేదు. నా బస్సు వచ్చే వేళ దాకా అట్లాగే కూర్చున్నాం. గుర్తు రాలేదు.